పెట్టె మనది, దారి ఎవరిది?

తమ్ముడు: నాన్న తీసిన ఫొటోలు, పెళ్ళిళ్ళ వీడియోలు, అమ్మ పాడిన మంగళహారతులు, పొలం దస్తావేజుల స్కాన్లు అన్నీ విజయవాడ ఇంట్లో నాస్ పెట్టెలో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టెలో, భద్రంగా ఉన్నాయంటావు. ఉన్నాయి, కాదనను. డాలస్‌లో ఉన్న నాకు మాత్రం అవి ఉన్నట్టా, లేనట్టా? ఒక దస్తావేజు కావాలంటే నువ్వు నిద్ర లేచి, పెట్టెలోంచి తీసి, వాట్సాప్‌లో పంపేదాకా ఆగాలి. అదే క్లౌడ్‌లో ఉంటే నీకూ నాకూ పిల్లలకూ సమానంగా అందుతుంది. ఎవరి ఇంటి కరెంటు మీదా, ఎవరి తీరిక మీదా ఆధారపడక్కర్లేదు. నేను అడిగేది అంతే.

అక్క: అందరికీ అందడం మంచిదే. ముందు పని సంగతి చూద్దాం. నాన్న వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఒక్కో క్యాసెట్టుకు పదుల గిగాబైట్లు అయింది. ఇంట్లో గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు 110 మెగాబైట్ల దాకా కదులుతాయి. ఒక టెరాబైటు మొత్తాన్ని రెండున్నర గంటల్లో పెట్టెలోకి పంపొచ్చు, మళ్ళీ రెండున్నర గంటల్లో బయటికి తీయొచ్చు. అదే టెరాబైటును 100 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ మీద క్లౌడ్‌కి ఎక్కించాలంటే, లైను క్షణం కూడా నీరసించకపోతే, 22 గంటల పైమాట. లైను నీరసించని రోజు నాకు చూపించు. ఆ క్యాసెట్లలో నాన్న మాట్లాడిన ముక్కలను ఏరి అమ్మకు వినిపించాలంటే రోజూ ఆ ఫైళ్ళు తెరవాలి, కోయాలి, అతకాలి. ఆ పని ఇంట్లో పెట్టె ఉంటేనే సాగుతుంది.

తమ్ముడు: గిగాబిట్ అనేది డబ్బా మీది అంకె. ఆ వేగం రావాలంటే కేబుల్లో ఎనిమిది తీగలూ పనిచేయాలి. ఒక్కటి తెగినా చాలా రౌటర్లు మాట్లాడకుండా 100 ఎంబీపీఎస్‌కి దిగిపోతాయి, ఎవరికీ చెప్పవు. వైఫై మీద అయితే రెండు కాంక్రీటు గోడలు దాటేసరికి సగం చచ్చిపోతుంది. ఇంకో సంగతి. పది గిగాబైట్ల వీడియో ఒక్కటి గబగబా వెళ్తుంది. అదే పది గిగాబైట్లు వేల చిన్న ఫొటోలైతే నత్తనడకే. ప్రతి ఫైలుకూ తెరువు, పేరు రాయి, తేదీ రాయి, మూసెయ్ అంటూ లాప్‌టాప్‌కీ పెట్టెకీ మధ్య మాటలు నడవాలి. ఆ మాటలకే కాలమంతా పోతుంది. అమ్మ ఇది చూసి పాడైపోయిందేమో అనుకుంటుంది. మధ్యలో ఆపేస్తుంది. అప్పుడు సగం కాపీ అయిన ఫోల్డరు ఏదో, పూర్తయింది ఏదో తేల్చుకోవడం ఎవరి వల్ల అవుతుంది?

అక్క: నువ్వు చెప్పిన ప్రతి తప్పూ నాకు తెలుసు, ప్రతిదానికీ చోటు తెలుసు. కేబుల్ మారిస్తే కేబుల్ జబ్బు పోతుంది. ఫొటోలను సంవత్సరాల వారీగా కట్టలు కట్టి పంపితే ఆ జబ్బూ తగ్గుతుంది. ఆగిపోయిన కాపీని మళ్ళీ నడిపితే మిగిలినవాటిని మాత్రమే తీసుకునే పనిముట్లున్నాయి. తప్పు మన ఇంట్లో ఉంటే మనం వెతికి పట్టుకోగలం. క్లౌడ్‌లో ఒక ఫైలు కనపడకపోతే ఎవరిని అడగాలి? 2023 నవంబరులో గూగుల్ డ్రైవ్ వాడేవాళ్ళలో కొందరికి కంప్యూటర్ నుంచి ఎక్కించిన ఫైళ్ళు కనిపించకుండా పోయాయి. కంపెనీ పరిష్కారం పంపేదాకా వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు.

తమ్ముడు: వెతికి పట్టుకోగలిగేది నువ్వు. "మనం" అనకు. ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు. లాప్‌టాప్ కొత్తది కొంటే పెట్టె కనపడడం మానేస్తుంది, ఎందుకో తెలుసా? విండోస్ కంప్యూటర్లు ఫోల్డర్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతి 1983లో ఐబీఎంలో పుట్టింది. దాని మొదటి రకంలోని ఒక లొసుగు పట్టుకునే 2017 మేలో వానాక్రై అనే డబ్బు గుంజే వైరస్ ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ నుంచి ఆ పాత రకాన్ని మైక్రోసాఫ్ట్ పెట్టడం మానేసింది. దాంతో పాత నాస్ పెట్టెలు ఎన్నో కొత్త కంప్యూటర్లకు కనపడకుండా పోయాయి. పెట్టె చెడలేదు, డిస్కు చెడలేదు, ఫైళ్ళన్నీ లోపలే ఉన్నాయి. ఇల్లాలు దాని ముందు నిలబడి ఏం చేయాలి?

అక్క: ఆ తలుపు మూయడం సరైన పనే, నేను మైక్రోసాఫ్ట్ పక్షమే. కొత్త రకం పద్ధతులు తెలిసిన పెట్టె ఉండాలి, అప్‌డేట్లు ఆగిపోయిన పెట్టెను మార్చాలి. కానీ ఇందులో నాకు ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. ఎస్ఎంబీ ఒక కంపెనీ గుప్పిట్లో ఉండిపోలేదు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి 1991 చివర్లో ఆ భాషను బయటినుంచి గమనించి తనంతట తాను రాసుకున్నాడు. అది సాంబాగా పెరిగింది. ఇవాళ చాలా నాస్ పెట్టెల్లో ఉన్నది అదే. అందుకే విండోస్, మ్యాక్, లినక్స్, ఫోను అన్నీ ఒకే పెట్టెను తెరుస్తున్నాయి. రేపు ఈ పెట్టె చేసిన కంపెనీ మూతపడినా, డిస్కులు తీసి లినక్స్ కంప్యూటర్‌కి తగిలిస్తే తెలిసినవాళ్ళు చదవగలరు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్లౌడ్‌లో ఉన్న మన ఫొటోకు అనుమతి ఇచ్చేది ఇంకొకరు.

తమ్ముడు: సరే, లోపలి సంగతి నీకే వదిలేస్తాను. బయటినుంచి రావాలి కదా నేను. దారి ఎక్కడుంది? మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి సొంత అడ్రసే లేదు. ఆసియాకి ఇచ్చిన పాత రకం ఐపీ అడ్రసులు 2011 ఏప్రిల్ నాటికే అడుగంటాయి. అప్పటినుంచి కనెక్షన్ ఇచ్చేవాళ్ళు ఎన్నో ఇళ్ళను ఒకే అడ్రసు వెనక దాస్తున్నారు. మీ రౌటర్‌లోకి వెళ్ళి చూడు, బయటి అడ్రసు 100.64తో మొదలై 100.127 లోపల ఏదో ఉంటుంది. అంటే అది నీ అడ్రసు కాదు, వాళ్ళ లోపలి వీధిలో గుమ్మం నంబరు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చక్కగా పెట్టినా బయటినుంచి వచ్చే పిలుపు అక్కడిదాకా రానే రాదు. అప్పుడు పెట్టె చేసిన కంపెనీ రిలే సర్వరు గుండానో, ఇంకో కంపెనీ విపిఎన్ అనే తాళం వేసిన సొరంగం గుండానో రావాలి. అంటే నా ఫైలు కోసం మళ్ళీ మూడో మనిషి మీదే ఆధారపడాలి. పెట్టె మనదే, దారి ఎవరిది? క్లౌడ్ వద్దన్నది మూడో మనిషి వద్దనే కదా?

అక్క: ఈ మాట గట్టిది. దారి మనది కాదు, ఒప్పుకుంటాను. అయితే దారి మీద ఆధారపడడమూ, సరుకు మొత్తం ఇంకొకరి గోదాములో పెట్టడమూ ఒకటి కావు. వైర్‌గార్డ్ లాంటి విపిఎన్ వాడితే తాళాలు నీ ఫోనులోనూ నా పెట్టెలోనూ మాత్రమే ఉంటాయి. 2020 మార్చి నుంచి అది లినక్స్‌లోనే భాగం. మధ్యలో మోసేవాడికి అర్థంకాని గిలుకుడు తప్ప ఏమీ కనపడదు. వాడు రేపు మానేస్తే ఇంకొకడిని పెట్టుకుంటాం, ఫైలు ఒక్కటి కూడా కదలదు. కొత్త రకం ఐపీవీ6 అడ్రసులున్న కనెక్షనైతే ఆ మోసేవాడు కూడా అక్కర్లేకపోవచ్చు.

తమ్ముడు: నువ్వు చెప్పిన దారిలో నడవాలంటే నా ఫోనులో యాప్ పెట్టాలి, నా భార్య ఫోనులో పెట్టాలి, పిల్లలకు నేర్పాలి. బాబాయి అడిగితే ఆయన ఫోనులోనూ పెట్టాలి. క్లౌడ్ అయితే ఒక లింకు పంపితే చాలు. బాబాయికి డెబ్బయ్యేళ్ళు. ఆయన పెళ్ళి ఫొటో ఆయనకు చూపించడానికి విపిఎన్ అంటే ఏమిటో ఆయనకు చెప్పాలా?

అక్క: బాబాయి మాట తెచ్చావు, నా దగ్గర జవాబు లేదు. ఆయనకు ఆ ఫొటో నేను విడిగా పంపుతాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

తమ్ముడు: జవాబుంది, దానికి నువ్వు ఒప్పుకోవు. చాలామంది చేసేదే: పెట్టెను నేరుగా ఇంటర్నెట్ వైపు తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, లింకులు పంచుకోవడం.

అక్క: ఒప్పుకోను. ఎందుకో నీకు తెలుసు. 2014 ఆగస్టులో సైనాలజీ పెట్టెల్లోకి దూరి ఫైళ్ళకు తాళాలు వేసి 0.6 బిట్‌కాయిన్ అడిగారు. 2021 ఏప్రిల్లో క్యూలాకర్ అనేది క్యూనాప్ పెట్టెల్లో దూరి, ఫైళ్ళను పాస్‌వర్డు ఉన్న జిప్ మూటల్లో కట్టేసి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. మరుసటి ఏడాది జనవరిలో డెడ్‌బోల్ట్ వచ్చింది, 0.03 అంది. ఇళ్ళల్లో ఉండేవాళ్ళు కట్టగలిగినంతే అడుగుతారు, వాళ్ళ వ్యాపారమే అది. నెదర్లాండ్స్ పోలీసులు ఆ ముఠాకు డబ్బు పంపినట్టే పంపి, తాళంచెవి రాగానే చెల్లింపు ఖరారు కాకముందే వెనక్కి లాగి, 155 తాళంచెవులు రాబట్టారు. వాళ్ళ తెలివికి దణ్ణం. మిగతా వేలమంది సంగతి ఏమిటి?

తమ్ముడు: అన్నింటికంటే ఘోరం నువ్వు చెప్పలేదు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ మై బుక్ లైవ్ పెట్టెలు ప్రపంచం నలుమూలలా ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. డబ్బు అడిగినవాళ్ళు లేరు, బేరం లేదు. బయటినుంచి ఎవరో ఫ్యాక్టరీ రీసెట్ ఇచ్చారు. తెల్లారి చూసుకుంటే కొన్నప్పటిలా ఖాళీ పెట్టె. 2015 తర్వాత వాటికి అప్‌డేటే లేదు. వెంటనే ఇంటర్నెట్ నుంచి పీకేయండి అని కంపెనీ చెప్పింది, పోయినవాళ్ళకు డేటా తిరిగి రాబట్టే సాయం కూడా ఇస్తామంది. నేను అడిగేది ఇది. ఇంట్లో పెట్టె ఉన్న ప్రతివాళ్ళూ నీలా లొసుగుల వార్తలు చదువుతూ కూర్చోలేరు. ఆ కాపలా పనికి క్లౌడ్ కంపెనీలు జీతాలిచ్చి మనుషులను పెట్టుకున్నాయి. మన ఇంట్లో ఆ కాపలా నువ్వొక్కదానివే, అదీ ఉద్యోగం అయ్యాక, వంట అయ్యాక.

అక్క: అందుకే నా పెట్టెకు ఇంటర్నెట్ వైపు తలుపు లేదు. ఈ ఉదాహరణలు అన్నీ తెరిచిన తలుపు ప్రమాదాన్నే చూపిస్తున్నాయి, పెట్టె ప్రమాదాన్ని కాదు. పోర్టులు తెరవను, పాత పరికరాన్ని ఉంచను, ఇంట్లో ఫోన్లు, కంప్యూటర్లు తప్ప ఏదీ దాన్ని చూడకూడదు. దీని ధర నువ్వు కడుతున్నావని నాకు తెలుసు. నీకు అందకపోవడం వల్లే అది భద్రంగా ఉంది. ఈ మాట అనడం నాకు బాధే. నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి నీకు తలుపు మూశానని కాదు. ఎంతమందికి అందుబాటులో పెడితే అంత ప్రమాదం, దీన్ని నేను ఎటు తిప్పి చూసినా తప్పించలేకపోతున్నాను.

తమ్ముడు: ఆ మాటే క్లౌడ్ విషయంలో అబద్ధమైపోతుంది. అక్కడ వందల కోట్లమందికి అందుబాటులో ఉంది, నిలబడింది కూడా. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల కొంతమంది జీమెయిల్ మొత్తం ఖాళీ అయింది. వేరు వేరు కేంద్రాల్లో ఉన్న కాపీలు కూడా పోయాయి. అయినా గూగుల్ వాళ్ళు టేపుల్లోంచి తీసి తిరిగిచ్చారు. టేపులు! మన ఇంట్లో టేపులున్నాయా?

అక్క: ఆ టేపులు ఎందుకు బతికాయో చెప్పు.

తమ్ముడు: నెట్‌వర్క్‌కి తగిలించి లేవు కాబట్టి.

అక్క: అంతే. గూగుల్‌ని కూడా చివరికి కాపాడింది ఎవరికీ అందని కాపీయే. నా వాదనను వాళ్ళే ఆచరించి చూపించారు.

తమ్ముడు: ఆచరించారు, కానీ అందే కాపీతో పాటు ఆచరించారు. నువ్వు అందని దాన్ని ఒక్కదాన్నే ఉంచి అది చాలంటున్నావు. 2024 సెప్టెంబరు ఒకటో తారీకు గుర్తుందిగా. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్లన్నీ మునిగిపోయాయి. బీరువాలు, ఫ్రిజ్‌లు, పుస్తకాలు, సర్టిఫికెట్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఆ ఇళ్ళల్లో ఎంతమంది కంప్యూటర్లు, హార్డ్ డిస్కులు బురదలో పోయాయో. నీ పెట్టెలో రెండు డిస్కులున్నాయి, ఒకటి పోతే రెండోది ఉంటుందంటావు. నీళ్ళొస్తే రెండూ ఒకే గంటలో పోతాయి. నిప్పంటుకుంటే రెండూ, దొంగ ఎత్తుకుపోతే రెండూ. పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే రెండింట్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. మన ఊళ్ళో ఇది ఊహ కాదక్కా.

అక్క: దీనికి నేను తలవంచుతాను. రెయిడ్ అనే ఈ రెండు డిస్కుల పద్ధతి ఒక డిస్కు చెడితే పని ఆగకుండా చూసే ఏర్పాటు, అంతకుమించి కాదు. దాన్ని బ్యాకప్ అనుకున్నవాళ్ళు నష్టపోయారు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన సూత్రం నాకు తెలుసు: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. మనకు ఆ వేరే చోటు లేదు. పెట్టెను మేడ మీద పెట్టడం, యూపీఎస్ తగిలించడం, ఎండాకాలం కరెంటు పోయినప్పుడు యూపీఎస్ సైగ అందుకుని పెట్టె తనంతట తాను మూసుకునేలా చేయడం, ఇవన్నీ చేశాను. వేరే చోటు మాత్రం ఇంట్లో ఉండి ఇవ్వలేను.

తమ్ముడు: మరి క్లౌడ్‌ని ఆ వేరే చోటు అనుకో. అంతవరకైనా ఒప్పుకో.

అక్క: దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసి ఒప్పుకుంటాను. వేరే చోటు అంటే పోనిది అని కాదు. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ వాళ్ళ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. అక్కడే పెట్టుకుని ఇంకో కాపీ లేనివాళ్ళవి పోయాయి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుంటే, ప్రభుత్వోద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీడ్రైవ్ మొత్తం 858 టెరాబైట్లు బూడిదైంది. బయట కాపీ లేదు. అంత పెద్ద ప్రభుత్వం! మైస్పేస్ 2019లో చెప్పింది, 2015కి ముందు జనం ఎక్కించిన పాటలన్నీ సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని. నిప్పు కాదు, నీళ్ళు కాదు, ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చడం. ఇవన్నీ ఒక ఎత్తు. ఖాతా మూసేయడం ఇంకో ఎత్తు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఒక తండ్రి గురించి రాసింది. పసివాడికి వాపు వస్తే డాక్టరుకు పంపడానికి ఫొటో తీశాడు. గూగుల్ యంత్రం దాన్ని నేరంగా పట్టుకుంది. పోలీసులు విచారించి తప్పేమీ లేదన్నారు. ఆయన ఖాతా మాత్రం తిరిగి రాలేదు. ఏళ్ళ తరబడి దాచుకున్న మెయిళ్ళు, ఫొటోలు, ఫోన్ నంబరు అన్నీ ఒక్కసారే. మన అమ్మ నూనె రాసి స్నానం చేయిస్తున్న పసిపిల్లల ఫొటోలు ఎన్ని ఉన్నాయో మన ఆల్బమ్‌లో!

తమ్ముడు: ఆ కథ చదివినప్పుడు నాకూ నిద్ర పట్టలేదు. దానికి నా దగ్గర సమర్థన లేదు. ఉచితంగా ఎన్నైనా పెట్టుకోండి అన్న గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఆ మాట వెనక్కి తీసుకుంది, రెండేళ్ళు ముట్టుకోని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి చెరిపేస్తోంది, ఇవీ తెలుసు. అందుకే ఎక్కించేముందు తాళం వేసి ఎక్కిద్దామంటున్నాను. వాళ్ళకు లోపల ఏముందో తెలియదు.

అక్క: తాళం వేసి ఎక్కిస్తే లింకు పంపితే చాలన్న నీ సుఖం పోతుంది. బాబాయి దాన్నీ తెరవలేడు. ఇక నా పెట్టెకూ దానికీ ఉన్న తేడా ఏమిటి, నెలనెలా అద్దె తప్ప?

తమ్ముడు: నీళ్ళు.

అక్క: సరే, నీళ్ళు. నీళ్ళ కోసమే అయితే ఇంకో దారి చెప్తాను. డాలస్‌లో నీ ఇంట్లో చిన్న పెట్టె పెట్టు. నా పెట్టె రాత్రిపూట దానికి కాపీ పంపుతుంది. సాంబా రాసిన ఆ ట్రిడ్జెలే 1996లో పాల్ మాకెరాస్‌తో కలిసి ఆర్‌సింక్ రాశాడు. ఫైలు మొత్తం పంపకుండా మారిన ముక్కలను మాత్రమే పంపడం దాని పని. మొదటిసారి మాత్రం అంత డేటా ఈ లైను మీద పంపం. హార్డ్ డిస్కులో కాపీ చేసి, ఎవరైనా అమెరికా వెళ్ళేటప్పుడు ఆవకాయ సీసాలతో పాటు పంపుదాం. తర్వాత రోజూ వెళ్ళేది కొద్దిగానే. బుడమేరు డాలస్ దాకా రాదు, నీ ఊరి టోర్నడో విజయవాడ దాకా రాదు. నీకు నీ ఇంట్లోనే గిగాబిట్ వేగంతో అన్నీ అందుతాయి. మూడో మనిషి లేడు.

తమ్ముడు: నీకు తెలియకుండా ఇది మొదలుపెట్టి చూశాను, పాత డిస్కు ఒకటి ఉంటే. మా ఇంట్లో బయటివాళ్ళు ఉంటారు, పిల్లల స్నేహితులు వస్తారు, అందుకని ఫోల్డరుకు ఎన్‌క్రిప్షన్ పెట్టాను. నాన్న ఫోల్డర్లు సగం ఎక్కలేదు. ఎందుకో చెప్పనా? ఆయన పేర్లు తెలుగులో పెట్టేవారు కదా, పొడుగ్గా, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో, ఏ ఊరో, ఏ పండగో అంతా పేరులోనే. ఆ పేర్లు మింగుడుపడలేదు దానికి.

అక్క: అది లెక్క ప్రకారం జరిగేదే. యూనికోడ్‌ను డిస్కు మీద రాసే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరంలో ప్రతి ముక్కకూ మూడు బైట్లు కావాలి. గుణింతం గుర్తు ఒక ముక్క, పొల్లు ఒక ముక్క. "స్త్రీ" అని రాస్తే ఆరు ముక్కలు, 18 బైట్లు. మామూలు లినక్స్ డిస్కు మీద పేరుకు 255 బైట్లు పడతాయి, అంటే 85 తెలుగు ముక్కలు. నువ్వు పెట్టిన రకం ఎన్‌క్రిప్షన్ ఫోల్డర్లలో ఆ హద్దు 143కి పడిపోతుంది, 47 ముక్కలే. విండోస్ వేరేగా లెక్కపెడుతుంది కాబట్టి నాన్న కంప్యూటర్లో ఆ పేర్లు హాయిగా ఇమిడాయి. తప్పు నాన్నది కాదు, పెట్టెదీ కాదు. మన లిపిలో ఇన్ని ముక్కలుంటాయని ఆ హద్దు గీసినవాళ్ళకు తట్టలేదు.

తమ్ముడు: క్లౌడ్‌లో అవే పేర్లు ఒక్క తేడా లేకుండా ఎక్కాయి. నేను పరీక్షించాను. ఇప్పుడు చెప్పు. నీ పద్ధతిలో నాన్న రాసిన పేర్లను మనం కత్తిరించాలి. ఆ పేర్లే ఆ ఫొటోలకు సగం ప్రాణం. అందులో ఉన్న మనుషులు సగంమంది లేరు, ఎవరెవరో చెప్పడానికి ఆయనా లేడు.

అక్క: కత్తిరించనివ్వను. డిస్కు మొత్తానికి తాళం వేసే రకం ఎన్‌క్రిప్షన్ వాడితే పేరు హద్దు మారదు, అలా చేద్దాం. లేదా పేర్లన్నీ ఒక చోట జాబితాగా రాసి, మూటకట్టి పంపుదాం. దారి ఉంది. అయితే నువ్వు పరీక్షించకపోతే నాకు తెలిసేది కాదు, అది నిజం. కాపీ అయిపోయింది అని తెర మీద కనపడితే నమ్మేస్తాం. అటూ ఇటూ ఫైళ్ళ లెక్క, ఒక్కో ఫైలు చెక్‌సమ్, అంటే లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు అంకె, సరిపోల్చేదాకా అది కాపీ కాదు. వాట్సాప్‌లో పంపుకున్న ఫొటోలు చూడు, బొమ్మ కుంచించుకుపోతుంది, తీసిన తేదీ రాలిపోతుంది. మనవాళ్ళు ఎంతమంది వాట్సాప్‌లో ఉన్నాయిలే అని అసలువి చెరిపేశారో తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. ఇంటింటికీ ఇదే నష్టం జరుగుతోంది, ఎవరూ ఏడవడం లేదు.

తమ్ముడు: మళ్ళీ నా అసలు ప్రశ్నకే వచ్చాం. డిస్కు మొత్తానికి తాళం, చెక్‌సమ్‌లు, విపిఎన్ తాళాలు, అడ్మిన్ పాస్‌వర్డు, ఇవన్నీ ఎవరి బుర్రలో ఉన్నాయి? నీ తర్వాత ఎవరు? ఈ మాట అడగడానికి నోరు రావడం లేదు, కానీ అడగాలి. గూగుల్‌లో ఇన్నాళ్ళు నేను కనపడకపోతే ఫలానా వాళ్ళకు ఇవ్వండి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆపిల్‌లో 2021 నుంచి వారసుడిని పెట్టుకోవచ్చు. మన దేశంలో 2023 డేటా రక్షణ చట్టం పద్నాలుగో సెక్షన్ కూడా నామినీని పెట్టుకునే హక్కు ఇచ్చింది. తాళం వేసిన పెట్టెకు నామినీ లేడు. తాళంచెవి పోతే లోపలున్నది ఎవరికీ లేనట్టే, నీ పిల్లలకు కూడా.

అక్క: చట్టంలో ఉండడం వేరు, చేతికి రావడం వేరు. నాన్న పోయాక ఆయన ఖాతా ఒకటి ఇప్పటికీ తెరుచుకోలేదు. ఓటీపీ ఆయన నంబరుకే వెళ్తుంది, ఆ నంబరు ఆగిపోయింది. మరణ ధ్రువపత్రం పంపితే ఇంకో పత్రం అడిగారు, అది పంపితే జవాబు లేదు. అందులో ఏముందో కూడా మనకు తెలియదు. నా పెట్టె తాళాలు కాగితం మీద రాసి అమ్మ దగ్గర, దస్తావేజుల సంచీలో పెట్టాను. ఎలా తెరవాలో వాడుక మాటల్లో రాశాను. మా అమ్మాయిని కూర్చోబెట్టి ఆ కాగితం చూసి తెరవమన్నాను. తెరిచింది.

తమ్ముడు: తెరిచింది, మంచిదే. రోజూ చూసుకుంటుందా? డిస్కు ఎర్రలైటు వేస్తే కొత్తది కొని మారుస్తుందా? ఏటా నూటికి ఒకటో రెండో డిస్కులు పోతూనే ఉంటాయి. తనకు ఇష్టమో కాదో అడిగావా? నాన్న జ్ఞాపకాలను దాచడమనే పనిని వారసత్వంగా ఇస్తున్నాం, వాళ్ళు అడగకుండానే. క్లౌడ్‌కి డబ్బు కట్టడం మాత్రమే మిగులుతుంది, అది ఎవరైనా చేయగలరు.

అక్క: డబ్బు కట్టడం మానేయడం కూడా ఎవరైనా చేయగలరు. కార్డు గడువు తీరితే చాలు. చూసుకునే మనిషి లేకపోతే రెండుచోట్లా పోతుంది. కాకపోతే నా పెట్టె పోవడానికి ఏళ్ళు పడుతుంది, కట్టడం మానేస్తే అక్కడ పోవడానికి అంత కాలం పట్టదు. అమ్మాయిని మాత్రం అడగలేదు. నువ్వు అన్నది న్యాయం, అడగాలి.

తమ్ముడు: అయితే డాలస్‌లో పెట్టె పెడతాను. నాకు రెండు షరతులు. అందులో ఉన్నవి నా పిల్లలు నిన్ను అడగకుండానే చూడగలగాలి. బాబాయికి, పిన్నికి పంచాల్సినవి క్లౌడ్‌లో ఒక ఆల్బమ్‌గా నేను పెడతాను, ఏవి పెట్టాలో కలిసి ఎంచుదాం.

అక్క: మొదటిది సరే. రెండోదానికి ముందు ఒక్కటి తేల్చాలి. అమ్మ మొన్న కొన్ని ఫొటోలు తీసేయమంది. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పటివి. ఆయనను అలా ఎవరూ చూడకూడదంది. నా పెట్టెలో చెరిపేస్తే నీ పెట్టెలో కూడా చెరగాలా?

తమ్ముడు: చెరగకూడదు. అందుకే కదా రెండో కాపీ. నువ్వు పొరపాటున చెరిపినా నా దగ్గర ఉండాలి. స్నాప్‌షాట్లు, అంటే ఏ రోజుకు ఆ రోజు ఉన్న స్థితి ప్రతులు, పెడతాను, నెలల తరబడి వెనక్కి వెళ్ళొచ్చు. ఆ ఫొటోల్లో నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్న ఒక్కటి ఉంది. అదే నాకు చివరిది.

అక్క: అమ్మ చెప్పింది పొరపాటు కాదు కదా. చెరిపేయమంటే చెరిగిపోవడం కూడా మన చేతుల్లో ఉండాలనే కదా ఇన్నాళ్ళూ నేను క్లౌడ్ వద్దన్నది. గూగుల్ ఫొటోస్‌లో చెరిపితే చెత్తబుట్టలో 60 రోజులుండి పోతుంది, కనీసం ఒక గడువుంది. నీ స్నాప్‌షాట్లకు గడువు ఎవరు పెడతారు, నువ్వా అమ్మా?

తమ్ముడు: అమ్మను అడుగుదాం. ఆ ఒక్క ఫొటో గురించి మాత్రం నేనే అడుగుతాను, నువ్వు అడగొద్దు.

అక్క: అడుగు. తను కాదంటే?

తమ్ముడు: కాదంటే ఏం చేయాలో నాకు ఇప్పుడు తెలియడం లేదు. అప్పటిదాకా కాపీ మొదలుపెట్టకు.